నైఫ్ షార్పెనింగ్ కిట్‌లో యాంగిల్ లెక్క: ఫోన్ చూపించే డిగ్రీలు ఎప్పుడు నమ్మాలి, ఎప్పుడు నమ్మకూడదు

రాడ్‌ని బ్లేడ్ మధ్యలో పెడితే ఫోన్‌లో 18.0 డిగ్రీలు. పిడి వైపు జరిపితే 14.2. మొన వైపు జరిపితే 14.8. గైడెడ్ సిస్టమ్ అంటేనే యాంగిల్ మారకుండా పట్టుకునేది కదా, మరి ఇదేంటి? కిట్ డొక్కుదని తేల్చేసి, ఫోన్ ఎలా చెప్తే అలా స్క్రూ తిప్పి సరిచేశాను. ఆ సరిచేయడంతోనే మా పెద్దమ్మ ఆకు కత్తి పాడైంది. చివర్ల దగ్గర వచ్చిన ఆ రెండు రీడింగ్స్‌లో ఒకటి దాదాపు నిజమనీ, రెండోది పూర్తిగా తప్పుదారి పట్టించేదనీ అర్థం కావడానికి నాకు రెండు వారాలు, ఒక మార్కర్ పెన్ను, టెన్త్ క్లాస్ ట్రిగనామెట్రీ అవసరమయ్యాయి.

ముందు కత్తి సంగతి చెప్తాను, ఎందుకంటే ఇది కిచెన్‌లో టమాటా కోసుకునే కత్తి అయితే నేను ఇంత గొడవ పడేవాడిని కాదు. మాది మడకశిర. 2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చాం గానీ ఇంట్లో ఇప్పటికీ అనంతపురం జిల్లా అనే అంటారు. వాన తక్కువ, బోర్లలో నీళ్ళు ఉన్నంత వరకే పంట. ఉన్న నీళ్ళకు డ్రిప్ వేసి మల్బరీ పెట్టి పట్టుపురుగులు పెంచేవాళ్ళు ఇటువైపు చాలామంది. గూళ్ళు హిందూపురం మార్కెట్‌కి వెళ్తాయి. ఈ మధ్య చాలామంది చాకీ సెంటర్ నుంచి కాస్త ఎదిగిన పురుగుల్నే కొనుక్కుంటున్నారు. మా పెద్దమ్మ మాత్రం గుడ్లు తెచ్చి ఇంట్లోనే చాకీ చేస్తుంది. 100 డీఎఫ్ఎల్స్ అంటే సుమారు 40 నుంచి 50 వేల పిల్ల పురుగులు. మొదటి రెండు దశల్లో వాటికి లేత ఆకుని సన్నగా తరిగి వేయాలి, రోజుకు రెండు మూడు సార్లు. కత్తి మొద్దుబారితే ఆకు తెగదు, నలుగుతుంది. నలిగిన ముక్క అంచులు నల్లబడి తొందరగా వాడిపోతాయి, వాడిన ఆకుని పురుగు ముట్టదు. ఒక్కో మోపు ఆకు వెనక ఎంత బోరు నీళ్ళు ఉన్నాయో తెలిసిన మనిషికి తట్టలో మిగిలిపోయిన ఆకు చూస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

కత్తి సుమారు 240 మి.మీ. పొడవు, పాత కార్బన్ స్టీల్. పిడి నుంచి చాలా దూరం తిన్నగా ఉండి, చివరి 35 మి.మీ.లో మాత్రం మొన వైపు వంపు తిరుగుతుంది. ఈ వివరం గుర్తుపెట్టుకోండి, కథంతా దీని మీదే నడుస్తుంది. (ఇంకో విషయం: చాకీ గదిలో రోగాలు రాకుండా బ్లీచింగ్ పౌడర్ నీళ్ళు వాడతారు. ఆ నీళ్ళలో కత్తి ముంచి తుడవకుండా వదిలేస్తే అంచంతా తుప్పు గుంటలు పడతాయి. ఎంత మంచి యాంగిల్ పెట్టినా ఆ గుంటలకి సమాధానం లేదు. కడిగి, తుడిచి, కాస్త కొబ్బరి నూనె రాయండి.)

ఇంతకుముందు వీధిలోకి సాన పట్టేవాళ్ళు వస్తే వాళ్ళ చక్రం మీద పెట్టించేది. ఇప్పుడు వాళ్ళు రావడం తగ్గింది. పైగా పొడి చక్రం మీద గట్టిగా అదిమితే అంచు వేడెక్కి నీలం రంగు వస్తుంది. కార్బన్ స్టీల్‌కి ఆ రంగు వచ్చేది సుమారు 300 డిగ్రీల దగ్గర. అంటే అక్కడ గట్టిదనం పోయినట్టే. వర్క్ ఫ్రమ్ హోమ్‌లో ఊళ్ళో ఉన్నాను, గ్యాడ్జెట్ పిచ్చి ఎలాగూ ఉంది, బ్రాండ్ పేరు కూడా సరిగ్గా లేని ఒక గైడెడ్ కిట్ ఆన్‌లైన్‌లో తెప్పించాను.

కిట్ లోపల జరిగేది ఏంటి?

గైడెడ్ సిస్టమ్స్ చాలా రకాలు. లాన్‌స్కీ కిట్‌లో క్లాంప్‌కే రంధ్రాలు ఉంటాయి, 17, 20, 25, 30 డిగ్రీలని రాసి ఉంటుంది, రాడ్‌ని కావలసిన రంధ్రంలో దూర్చడమే. ఎడ్జ్ ప్రోలో క్లాంప్ ఉండదు, చిన్న టేబుల్ మీద కత్తిని చేత్తో పట్టుకుని జరుపుకోవాలి. వికెడ్ ఎడ్జ్‌లో రెండు పక్కలా రెండు రాళ్ళు. నా కిట్ ఆన్‌లైన్‌లో ఎక్కువగా కనిపించే రకం: బ్లేడ్‌ని అడ్డంగా బిగించే క్లాంప్, వెనక ఒక నిలువు స్తంభం, దాని మీద పైకీ కిందికీ జరిగే కీలు. దీన్నే పివట్ అంటారు. ఆ పివట్ లోంచి రాడ్ వస్తుంది, రాడ్‌కి సానరాయి.

అన్నిట్లోనూ లెక్క ఒకటే. పివట్ బ్లేడ్ కంటే ఎంత ఎత్తులో ఉంది, స్తంభం అడుగు నుంచి అంచు గీతకి తిన్నగా ఎంత దూరం ఉంది. ఎత్తుని దూరంతో భాగిస్తే వచ్చేది యాంగిల్ టాన్ విలువ. నా సెటప్‌లో దూరం 150 మి.మీ., ఎత్తు 48.7 మి.మీ., అంటే ఒక వైపు 18 డిగ్రీలు. పల్చటి జపనీస్ కత్తులకు 15, మామూలు కిచెన్ కత్తులకు 20 అని చెప్తుంటారు. ఆకు తరగడానికి పల్చగా ఉండాలి, కానీ పాత స్టీల్ కాబట్టి మరీ పల్చన వద్దని 18 దగ్గర ఆగాను.

ఈ ఒక్క లెక్కతోనే చాలా విషయాలు తేలిపోతాయి. అదే ఎత్తులో కత్తిని 10 మి.మీ. ముందుకు బిగిస్తే దూరం 160 అవుతుంది, యాంగిల్ 16.9కి పడుతుంది. కాబట్టి లాన్‌స్కీ లాంటి వాటి మీద రాసిన డిగ్రీలు అన్ని కత్తులకూ అచ్చంగా అవే కావు. బ్లేడ్ వెడల్పు పెరిగితే అంచు దూరం పెరుగుతుంది, యాంగిల్ తగ్గుతుంది. రాయి మార్చినప్పుడు కొత్త రాయి 2 మి.మీ. మందం ఎక్కువ ఉంటే దాదాపు 0.8 డిగ్రీల తేడా. పివట్ రంధ్రం లూజుగా ఉండి రాడ్ 1 మి.మీ. పైకీ కిందికీ ఆడుతుంటే 0.4 డిగ్రీలు. చవక కిట్స్‌లో నేను ముందు చూసేది ఈ లూజే. డబ్బాలో ఎన్ని రాళ్ళు ఇచ్చారన్నది తర్వాత.

ఫోన్ దేన్ని కొలుస్తుంది?

ఫోన్‌లోని యాక్సిలరోమీటర్ అంటే సిలికాన్‌తో చేసిన అతి చిన్న స్ప్రింగ్‌లకు వేలాడే ఒక బరువు. ఫోన్ వంచితే గురుత్వాకర్షణ ఆ బరువుని పక్కకి లాగుతుంది, ఆ కాస్త కదలికకు కెపాసిటెన్స్ మారుతుంది, దాన్నుంచి వంపు లెక్కేస్తుంది. ఒక డిగ్రీ వంపు అంటే 0.017 జి మాత్రమే. సెన్సర్‌లో సహజంగా ఉండే ఆఫ్‌సెట్ కూడా అంతే ఉండొచ్చు. అందుకే యాప్ తెరవగానే కనిపించే నంబర్‌ని నమ్మొద్దు. ముందు బ్లేడ్ చదునైన భాగం మీద పెట్టి జీరో చేయండి, తర్వాత రాయి మీద పెట్టండి. రెండిటి తేడానే మనకి కావలసింది, ఆఫ్‌సెట్ చాలావరకు అందులో కొట్టుకుపోతుంది.

కెమెరా బంప్ ఉన్న ఫోన్‌ని వెల్లకిలా పెడితే ఎలాగూ తప్పే చూపిస్తుంది. బటన్లు లేని పక్క అంచు మీద నిలబెట్టండి, కవర్ తీసేయండి. కొన్ని లెవల్ యాప్స్ పూర్తి డిగ్రీల్లోనే చూపిస్తాయి, అవి మనకి పనికిరావు. జర్మనీలోని ఆర్‌డబ్ల్యూటీహెచ్ ఆకెన్ యూనివర్సిటీ వాళ్ళు చేసిన ఫైఫాక్స్ అనే ఫ్రీ యాప్‌లో వంపుని దశాంశాలతో చూడొచ్చు, సెన్సర్ ముడి డేటా కూడా కనిపిస్తుంది. అయస్కాంతం ఉన్న క్లాంప్ దగ్గర పెట్టినా భయం లేదు. తేడా వచ్చేది కంపాస్‌కి, యాక్సిలరోమీటర్‌కి కాదు.

ఇవన్నీ నేను సరిగ్గానే చేశాను. జీరో చేశాను, కవర్ తీశాను. ఫోన్‌ని రాడ్ వెంబడి నిలబెట్టి రబ్బరు బ్యాండ్‌తో కట్టాను కూడా. అది చూసి పెద్దమ్మ, "ఏమప్పా, ఫోన్ని దానికి కట్టినావు, కత్తికేమన్నా జరమొచ్చిందా?" అంది.

తప్పు జరిగింది ఫోన్ పెట్టిన దిక్కులో.

మడకశిర కోట కొండ ఎక్కుతున్నారనుకోండి. నేరుగా పైకి ఎక్కితే వాలు ఎక్కువ. అదే పక్కకి ఏటవాలుగా నడుస్తూ ఎక్కితే వాలు తక్కువ అనిపిస్తుంది. కొండ మారలేదు, మీరు నడిచే దిక్కు మారింది. రాయి కూడా అంతే. అంచు తిన్నగా ఉన్నంత మేరా, ఆ అంచు గీతా పివట్ బిందువూ కలిపి ఒకే ఒక సమతలాన్ని నిర్ణయిస్తాయి. రాయి రాడ్ చుట్టూ స్వేచ్ఛగా తిరగగలిగితే ఎటు జరిపినా ఆ తలం మీదే ఉంటుంది. కాబట్టి తిన్నని అంచు మీద అసలు యాంగిల్ ఈ చివర నుంచి ఆ చివర దాకా 18 డిగ్రీలే. రాడ్ మాత్రం పక్కకి జరిగే కొద్దీ పొడవు పెరిగి, అదే తలం మీద ఏటవాలుగా పడుకుంటుంది. 80 మి.మీ. పక్కకి జరిగితే అడ్డంగా కొలిచిన దూరం 150 నుంచి 170 అవుతుంది, రాడ్ వంపు 16 డిగ్రీలు. 120 మి.మీ. జరిగితే 192, వంపు 14.2. ఫోన్ అబద్ధం చెప్పలేదు. నేను రాడ్ గురించి అడిగాను, అది రాడ్ గురించి చెప్పింది. కత్తికి కావలసింది రాయి తలం యాంగిల్.

మరి మొన దగ్గర 14.8? అక్కడ అంచు వంపు తిరిగింది. మొన దగ్గర అంచు గీత సుమారు 30 డిగ్రీలు వెనక్కి మళ్ళింది. మళ్ళిన ఆ గీతని రెండు పక్కలా పొడిగించి, స్తంభం అడుగు నుంచి దానికి లంబంగా కొలిస్తే 150 కాదు, 181 మి.మీ. వస్తుంది. అసలు యాంగిల్ 15. అంటే రెండు చివర్లలో ఫోన్ దాదాపు ఒకే నంబర్ చూపించింది, కానీ పిడి వైపు నిజం 18, మొన వైపు నిజం 15.

ఇది తెలియని నేను ఏం చేశానో చూడండి. ముతక రాయి 320 గ్రిట్‌తో మొదలుపెట్టి, రెండు చివర్లకి వెళ్ళినప్పుడల్లా ఫోన్ 18 చూపించే దాకా పివట్ పైకి జరిపాను. మొన దగ్గర అదృష్టం కొద్దీ 18.3 పడింది. పిడి దగ్గర మాత్రం 22.6 అయిపోయింది. ఆ తర్వాత 600, 1000 రాళ్ళకి వచ్చేసరికి ప్రతిసారీ స్క్రూ తిప్పే ఓపిక అయిపోయి, మొత్తం ఒకే ఎత్తులో, అంటే మధ్యలో పెట్టిన సెట్టింగ్‌లోనే, లాగించేశాను. దానివల్ల నున్నటి రాయి మధ్యలో మాత్రమే అసలు అంచుని తాకింది. రెండు చివర్లలో అంచు కన్నా కాస్త లోపల, భుజం మీద రాసుకుని వెళ్ళింది. ముతక రాయి వదిలిన సన్నటి లోహపు పోగు, బర్ అంటారు దాన్ని, అలాగే వంగి ఉండిపోయింది. చేత్తో తడిమితే గరుకుగా తగిలి పదును అనిపిస్తుంది. పేపర్ కూడా కోసింది. వీడియో తీసుకుని ఫ్రెండ్స్ గ్రూప్‌లో పెట్టాను.

రెండు రోజుల తర్వాత పెద్దమ్మ కత్తి తెచ్చి నా ల్యాప్‌టాప్ పక్కన పెట్టింది. "నడిమిట్లో బాగా తెగతాంది నాయనా. రెండు కొనల్లో ఆకు నలగతాంది. నువ్వు నూరకముందే మేలుండె." ఆ బ్యాచ్‌కి ఆమె పాత కత్తిపీట మీద కూర్చుని ఆకు తరిగింది. పెద్ద కత్తితో ఒక గంటలో అయ్యే పని రెండు గంటలు, అది కూడా తెల్లారకముందే లేచి. నేను ఏమీ మాట్లాడలేదు.

మార్కర్ పెన్ను

అసలు ఎక్కడ తగులుతోందో చూడటానికి పర్మనెంట్ మార్కర్‌తో అంచు మొత్తం నల్లగా పూశాను. నున్నటి రాయితో ఒక్కటే తేలికపాటి గీత. టార్చ్ వెలుతురులో ఫోన్ కెమెరాని జూమ్ చేసి చూస్తే మధ్యలో అంచు దాకా ఇంకు పోయింది. రెండు చివర్లలో వెనక భాగంలో మాత్రమే పోయింది, అంచున నల్లటి గీత అలాగే ఉంది. ఇరవై రూపాయల పెన్ను నా సెన్సర్ లెక్కలన్నిటినీ పక్కన పెట్టేసింది. డిజిటల్ యాంగిల్ గేజ్ కొనాలా వద్దా అని అడిగేవాళ్ళకి నేను చెప్పేది ఇదే: ముందు మార్కర్ కొనండి. గేజ్ మీకు సెట్టింగ్ చెప్తుంది, ఎక్కడ తగులుతోందో చెప్పేది ఇంకు.

ఇప్పుడు నేను చేసే పద్ధతి ఇది. క్లాంప్‌లో కత్తి బిగించాక ముందు బ్లేడ్ రెండు దిక్కుల్లోనూ లెవల్‌గా ఉందో లేదో చూస్తాను. తర్వాత కత్తిని తిప్పి రెండో వైపు కూడా చూస్తాను. బ్లేడ్ ఒక డిగ్రీ వాలి ఉంటే ఒక వైపు 19, రెండో వైపు 17 పడుతుంది, అంచు పక్కకి వెళ్ళిపోతుంది. వెన్ను పల్చబడుతూ వెళ్ళే కత్తులకి ఈ తేడా తరచూ వస్తుంది.

ఫోన్‌ని రాడ్ వెంబడి కాకుండా అంచుకి లంబంగా ఉండేలా రాయి మీద నిలబెడతాను. రాయి సన్నగా ఉంటుంది కాబట్టి పైన ఒక గట్టి స్టీల్ స్కేల్ పెట్టి, దాని మీద ఫోన్. దిక్కు సరిగ్గా తెలియకపోతే ఫోన్‌ని మెల్లగా అటూ ఇటూ తిప్పండి, బ్లేడ్ లెవల్‌గా ఉంటే వచ్చే గరిష్ఠ రీడింగే అసలు యాంగిల్. కొండకి నిటారుగా ఎక్కే దారి ఒక్కటే కదా. కొలవడం అయ్యాక ఫోన్ తీసేయండి. 200 గ్రాముల బరువు రాడ్ మీద ఉంచి నూరితే మీరు వేసే ఒత్తిడి మీకే తెలియదు.

వంపు ఉన్న మొనకి మందు క్లాంప్ పెట్టే చోటే. కత్తి మధ్యలో బిగించినప్పుడు మొన 120 మి.మీ. దూరంలో ఉంది, యాంగిల్ 15. క్లాంప్‌ని మొన వైపు జరిపి ఆ దూరం 80కి తెస్తే 16.8. 58కి తెస్తే 18. ఇంకా జరిపి 40 చేస్తే 19 దాటుతుంది, అంటే ఎక్కువ జరిపినా తప్పే. ఇందులో తర్కం సింపుల్: స్తంభం అడుగుని కేంద్రంగా పెట్టి 150 మి.మీ. వ్యాసార్ధంతో వృత్తం గీస్తే, కత్తి వంపు ఆ వృత్తాన్ని ఎంత బాగా అనుసరిస్తే యాంగిల్ అంత నిలకడగా ఉంటుంది. నా కత్తికి 58 దగ్గర పెడితే వంపు మధ్యలో కూడా తేడా అర డిగ్రీ లోపే. ఒక అట్టముక్క మీద ఆ వృత్తం గీసి కత్తిని దాని మీద పెట్టి జరిపి చూస్తే చాలు, కాలిక్యులేటర్ అక్కర్లేదు.

కానీ మొన దగ్గర క్లాంప్ ఉంటే పిడి వైపు 180 మి.మీ. గాల్లో ఉంటుంది, రాయి ఒత్తిడికి బ్లేడ్ వంగుతుంది. కాబట్టి పొడుగు కత్తిని రెండు విడతలుగా బిగిస్తాను. మొదట పిడి సగం, తర్వాత మొన సగం. రెండుసార్లూ అంచు దూరం స్కేల్‌తో 150 ఉండేలా చూసుకుంటే తిన్నని భాగంలో రెండూ అతుకు లేకుండా కలుస్తాయి. క్లాంప్ పెట్టిన రెండు చోట్లా వెన్ను మీద టేప్ ముక్క అంటించి ఫొటో తీసి పెట్టుకున్నాను. వచ్చే నెల మళ్ళీ అదే చోట బిగించకపోతే యాంగిల్ మళ్ళీ కొత్తది అవుతుంది, అనవసరంగా స్టీల్ అరిగిపోతుంది. రాయి మార్చిన ప్రతిసారీ మందం తేడా వల్ల పివట్ మళ్ళీ సెట్ చేయాలి, మార్కర్ గీత ఒకటి వేసి చూడాలి. బర్ ఒక వైపు పూర్తిగా, పిడి నుంచి మొన దాకా వచ్చిందని గోటితో తడిమి తెలుసుకున్నాకే కత్తి తిప్పాలి. చివర్లో వేళ్ళ బరువు కూడా వేయకుండా, రాయి సొంత బరువుతో వైపు మార్చి వైపు కొన్ని గీతలు.

పిడి దగ్గర నేను చేసిన 22.6 ని మళ్ళీ 18కి దించడానికి ముతక రాయితో గంటన్నర పట్టింది. ఆ చివర బ్లేడ్ కాస్త సన్నబడింది, పక్క నుంచి చూస్తే ఇప్పటికీ తెలుస్తుంది.

తర్వాతి బ్యాచ్ గుడ్లు వచ్చినప్పుడు కత్తి పెద్దమ్మకి ఇచ్చాను. ఒక గుప్పెడు ఆకు తరిగి, ముక్కల అంచులు వెలుతురుకి పెట్టి చూసింది, పిడి వైపు తరిగినవి వేరుగా, మొన వైపు తరిగినవి వేరుగా. ఏమీ అనకుండా తట్టలు సర్దుకుంది. సాయంత్రం కొడవలి, టెంకాయలు కొట్టే మచ్చుకత్తి కూడా తెచ్చి పెట్టింది. మచ్చుకత్తికి 25 పైనే ఉండాలి, దాని మందం నా క్లాంప్‌లో పట్టదు. కొడవలి వంపు ఏ వృత్తం మీదా సరిగ్గా కూర్చోదు, పైగా లోపలి వైపుకి తిరిగి ఉంటుంది. అట్టముక్క తెచ్చి అదంతా వివరించబోతుంటే, ఆమె బావి దగ్గర బండ మీద నీళ్ళు చల్లి కొడవలిని తనే నూరుకోవడం మొదలుపెట్టింది.